ఆస్టియోపతి అంటే ఎముకలు సర్దడమా? నా నడుము, మా అమ్మ నడుము చెప్పిన సంగతి

పర్లాకిమిడి నుంచి మీరు అడిగిన ప్రశ్న చదివాను. అమ్మగారికి 58 ఏళ్ళు, ఏడాదిగా నడుము నొప్పి. ఎవరో భువనేశ్వర్ వెళ్ళి ఆస్టియోపతి, అంటే చేతులతో కండరాలను, కీళ్ళను సడలించే వైద్యం, చేయించమన్నారు. అది మన ఊళ్ళలో ఎముకలు సర్దేవాళ్ళ పనిలాంటిదేనా, తీసుకెళ్ళవచ్చా అని కదా మీ సందేహం. తీసుకెళ్ళవచ్చు. కానీ ముందు ఒక పరీక్ష చేయించండి. అదేమిటో, ఎందుకో తెలియాలంటే నా నడుము సంగతి, మా అమ్మ నడుము సంగతి రెండూ చెప్పాలి.

మాది బరంపురం. నాన్న గుంట మగ్గం మీద పట్టు నేసేవారు, అమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. నేను 22 ఏళ్ళుగా కాలితో తొక్కే మిషను మీద జాకెట్లు కుడుతున్నాను. నాలుగేళ్ళ క్రితం నాకు కుడివైపు నడుము పట్టేసింది. పొద్దున మంచం పట్టె పట్టుకుంటే తప్ప లేవలేని స్థితి. ఎదురుకాళ్ళతో పుట్టిన పిల్లవాడి చేత నడుము తొక్కించారు. నూనె కాచి మర్దన చేశారు. చివరికి ఒకాయన నన్ను బోర్లా పడుకోబెట్టి, వీపు మీద మోకాలు ఆనించి ఒక్కసారిగా నొక్కి, "పూస జారింది, ఎక్కించాను" అన్నాడు. ఆ తర్వాత వారం రోజులు కుడికాలు ఎత్తలేకపోయాను. అందుకే భువనేశ్వర్‌లో ఆస్టియోపతి చేసేవారు ఉన్నారని మా మరిది చెప్పినప్పుడు భయంతోనే బయలుదేరాను. కూర్చోలేక, రైల్లో చిలికా పొడవునా నిలబడే వెళ్ళాను.

అక్కడ నన్ను చూసినాయన కటక్‌లోని శ్రీశ్రీ విశ్వవిద్యాలయంలో ఆస్టియోపతి చదువుకున్నారు. గంటసేపట్లో సగం ప్రశ్నలకే సరిపోయింది. జ్వరం వస్తోందా, బరువు తగ్గారా, రాత్రి నొప్పికి మెలకువ వస్తోందా, మూత్రం ఆగిపోతోందా, తొడల మధ్య తిమ్మిరి ఉందా, మిషను ఏ కాలితో తొక్కుతారు అని అడిగారు. తర్వాత నడిపించి, వంగమని చూశారు. నొప్పి నడుములో ఉన్నా, బిగుసుకుపోయింది కుడి తుంటి అని తేల్చారు. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు మడిచి పొట్టవైపు తెచ్చి, "ఐదు లెక్కపెట్టేదాకా నా భుజాన్ని మీ కాలితో మెల్లగా నెట్టండి" అన్నారు. నెట్టాను. ఇక వదలమన్నారు. వదలగానే ఆ కాలు ఇందాక ఆగిన చోటు దాటి మరికాస్త ముందుకు వచ్చింది. మోకాలితో నొక్కడం లేదు, విరుపు లేదు. అలా నాలుగైదు సార్లు చేశాక, పక్కటెముకల కింద చెయ్యి ఉంచి ఊపిరి నిండా పీల్చమన్నారు. దిగి నిలబడినప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

జారిన పూసను ఎక్కించారా అని అడిగితే, పూసలు అలా జారి ఎక్కేవి కావన్నారు. కొన్నిసార్లు కీలు దగ్గర వినిపించే టక్కుమనే శబ్దం కూడా ఎముక చోటుకు చేరినందుకు కాదట, కీలులోని ద్రవంలో వాయువు బుడగ వల్ల వస్తుందట. నొప్పికి భయపడి కండరం బిగుసుకుంటుంది, బిగుసుకున్నందుకు నొప్పి పెరుగుతుంది. చేతి స్పర్శ, నెమ్మదైన కదలిక ఆ బిగువును కొన్ని గంటలో, కొన్ని రోజులో సడలిస్తాయి. ఆ వ్యవధిలో మనం కదలాలి. నాకు రోజూ అరగంట నడక, తుంటికి మూడు వ్యాయామాలు, ముప్పావు గంటకోసారి మిషను దగ్గర నుంచి లేవడం చెప్పారు. ఆరు వారాల్లో నాలుగుసార్లు వెళ్ళాను. వ్యాయామం మానేసిన వారం నొప్పి తిరిగి వచ్చింది, మళ్ళీ మొదలుపెట్టాక తగ్గింది. బ్రిటన్‌లో 2016లో వచ్చిన నడుము నొప్పి మార్గదర్శకాలు కూడా చేతి వైద్యాన్ని వ్యాయామంతో కలిపి మాత్రమే ఇవ్వమంటాయి. నా అనుభవమూ అంతే.

ఈ పద్ధతిని ఆండ్రూ టేలర్ స్టిల్ అనే అమెరికా వైద్యుడు 1874లో ప్రకటించి, 1892లో మిస్సోరీలోని కర్క్స్‌విల్‌లో బడి పెట్టాడు. శరీరమంతా ఒక్కటే, దానికి తనను తాను సరిచేసుకునే శక్తి ఉంది అన్నది ఆయన మూల భావన. నొప్పి ఉన్న చోటుతో ఆగకుండా నా నిద్ర, నా కుర్చీ, నా ఊపిరి గురించి అడిగించింది ఆ భావనే కనుక నాకు దాని మీద గౌరవం ఉంది. అయితే షుగరు, థైరాయిడ్ తగ్గిస్తామని ఎవరైనా అంటే నమ్మకండి. తల ఎముకలను తాకి రోగాలు కుదురుస్తామనే పద్ధతికీ ఆధారాలు చాలా బలహీనం.

ఇక మా అమ్మ సంగతి. నాకు తగ్గిందన్న సంబరంతో మూడోసారి ఆమెనూ తీసుకెళ్ళాను. అప్పుడు ఆమెకు 70. బిందె ఎత్తినప్పటి నుంచి నడి వీపులో నొప్పి. ఆయన వెన్ను పొడవునా వేలితో మెల్లగా తట్టుకుంటూ వచ్చారు. ఒకచోట అమ్మ కేక వేసింది. ఆయన చెయ్యి తీసేసి, "అమ్మగారూ, మునుపటి కంటే పొట్టి అయ్యారా?" అని అడిగారు. అయ్యింది, చీర కుచ్చిళ్ళు నేలకు తగులుతున్నాయని అమ్మే అంటుండేది. మేం పట్టించుకోలేదు. "నేను చెయ్యి వేయను, ముందు ఎక్స్‌రే తీయించండి" అని చీటీ రాసిచ్చి, డబ్బు కూడా తీసుకోకుండా పంపేశారు. బరంపురం మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో తీస్తే, ఎముకలు గుల్లబారి ఒక వెన్నుపూస నలిగిపోయి ఉంది. నా వీపు మీద మోకాలు పెట్టిన మనిషి దగ్గరికే అమ్మనూ తీసుకెళ్ళి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ వణుకు వస్తుంది. మందులు, కాల్షియం, విటమిన్ డి వాడాక అమ్మ కోలుకుంది.

మీ అమ్మగారికి 58 అన్నారు కాబట్టే ఇదంతా రాశాను. ముట్లు ఆగిపోయాక ఎముకల బలం వేగంగా తగ్గుతుంది. ముందు ఎముకల డాక్టరుకు చూపించి ఎక్స్‌రే, వీలైతే ఎముక సాంద్రత చూసే డెక్సా పరీక్ష చేయించండి. జ్వరం, బరువు తగ్గడం ఉంటే వెన్నుకు క్షయ సోకిందేమో కూడా చూడాలి. మూత్రం ఆగిపోవడం, తొడల మధ్య తిమ్మిరి, కాలు బలం తగ్గడం వంటివి కనిపిస్తే భువనేశ్వర్ ప్రయాణం మాట పక్కన పెట్టి అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. ఇవేవీ లేకపోతే ఆస్టియోపతి చేయించవచ్చు. అంత దూరం పదేపదే తిరగడం కష్టమైతే దగ్గరలో మంచి ఫిజియోథెరపిస్టు ఉన్నా చాలు, చాలా పద్ధతులు ఇద్దరివీ ఒకటే. వెళ్ళేటప్పుడు ఎక్స్‌రే ఫిల్ము, వాడుతున్న మందుల చీటీలు పట్టుకెళ్ళండి. రక్తం పలుచబరిచే మాత్రలు వేసుకుంటుంటే వాళ్ళు అడగకముందే చెప్పండి.