అత్త కొట్టిన కుండ, కోడలు కొట్టిన కుండ

సందేహం: 'ద్వంద్వ ప్రమాణాలు' మన మాటేనా, 'డబుల్ స్టాండర్డ్స్'ని మక్కికి మక్కి దించేశారా? మా బ్యాంకులో మధ్యాహ్నం క్యారియర్లు విప్పే వేళకి రోజూ ఒకటే గొడవ. ఒక నాయకుడు గుడికి వెళ్తే 'భక్తి' అన్నవాళ్లే ఇంకో నాయకుడు వెళ్తే 'మత రాజకీయం' అంటున్నారు. ఒకరు ఇఫ్తార్‌కి వెళ్తే 'సామరస్యం', ఇంకొకరు వెళ్తే 'బుజ్జగింపు'. 'లౌకిక' అంటే మతం వద్దనడమేనా? పనిలో పని, 'ప్రమాణ స్వీకారం' తప్పని మా తెలుగు మాస్టారు అనేవారు. అదీ చెప్పండి. (ఒక పాఠకుడు, విజయనగరం)

సమాధానం: దించిన మాటే. కానీ దించినవాళ్ల చెయ్యి మంచిది. 'ప్రమాణం' అంటే మొదటి అర్థం కొలత. 'మా' అంటే కొలవడం. పరిమాణం, ప్రమాణం రెండూ అక్కడి నుంచి వచ్చినవే. తర్కం చదివినవాళ్లకు ప్రమాణం అంటే నిజాన్ని తేల్చుకునే సాధనం. మామూలు జనానికి మాత్రం ఒట్టు. "కాణిపాకంలో ప్రమాణం చేద్దాం, రా" అని మన నాయకులు ఒకరికొకరు సవాళ్లు విసురుకునేది ఈ మూడో అర్థంలోనే. రెండు రకాల కొలతలు పెట్టుకున్నవాడినీ, రెండు నోళ్లతో ఒట్లు పెట్టేవాడినీ ఒకే మాటతో పట్టుకోగలగడం ఇంగ్లిష్ వాళ్లకు లేని వెసులుబాటు.

అయినా మీ భోజనాల బల్ల దగ్గర 'ద్వంద్వ ప్రమాణాలు' అంటే టీవీ చర్చలా ఉంటుంది. మన సామెత అనండి: అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ. పగిలింది కుండే, మారింది విశేషణం. మీరు రాసిన గొడవంతా ఇదే. తేడా నాయకులు చేసిన పనిలో కంటే దానికి మనం తగిలించే మాటలో ఉంది. కాబట్టి మాటల దగ్గరికే వెళ్దాం.

ముందు 'మతం'. ఈ మాటకు అసలు అర్థం అభిప్రాయం. మన్ అనే ధాతువు, అంటే తలచడం. గీత పద్దెనిమిదో అధ్యాయంలో కృష్ణుడు "నిశ్చితం మతముత్తమమ్" అంటే, ఇది నా నిశ్చయమైన అభిప్రాయం అని. సమ్మతం, అభిమతం అనే మాటల్లో ఆ పాత అర్థం ఇంకా బతికే ఉంది. ఒకసారి ఎన్నికల రోజుల్లో బళ్లారి వెళ్లాను. మావాళ్ల పిల్లాడు నా వెంట ఉన్నాడు, ఆరో తరగతి. కన్నడ లిపి మన లిపికి అక్కచెల్లెలు కదా, గోడ మీది రాతను కూడబలుక్కుని చదివాడు: "నిమ్మ అమూల్య మత నీడి". చదివి నా చెయ్యి గుంజాడు. "తాతా, వీళ్లు మన మతం ఇచ్చెయ్యమంటున్నారేంటి?" అక్కడ మత అంటే ఓటు. హిందీలోనూ అంతే, మతదానం అంటే ఓటు వేయడం. అభిప్రాయం అనే ఒకే మాట వాళ్ల దగ్గర ఓటైంది, మన దగ్గర రిలిజియన్ అయింది. మనం ఓటుకి ఓటు అనే మాటనే ఉంచుకున్నాం. ఆ పిల్లాడికి ఇదంతా చెప్పాను గానీ వాడికి పెద్దగా నచ్చినట్టు లేదు. "అయితే రెండూ ఒకటేగా" అన్నాడు. మన ఎన్నికల ప్రచారాలు చూసినప్పుడల్లా వాడి మాట గుర్తొస్తుంటుంది.

రెండూ ఒకటి కాకూడదనే చట్టం ఒకటుంది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం, 123వ సెక్షన్, మూడో ఉపవిభాగం. మతం, జాతి, కులం, సముదాయం, భాష పేరు చెప్పి ఓటు వేయమన్నా, వేయొద్దన్నా అది ఎన్నికల అక్రమం. (భాష కూడా ఉంది, గమనించారా? మాలాంటివాళ్లు ఎన్నికల్లో నిలబడకపోవడం మంచిదే.) ఇంగ్లిష్ మూలంలో మతానికి ముందు 'హిజ్' అనే చిన్న మాట ఒకటి ఉంది. ఎవరి మతం? అభ్యర్థిదా? ప్రత్యర్థిదా? ఓటరుదా? ఈ ఒక్క సర్వనామం మీద సుప్రీంకోర్టులో ఏడుగురు న్యాయమూర్తులు కూర్చుని వాదన విన్నారు. 2017 జనవరి 2న తీర్పు వచ్చింది, నలుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపు. అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరు చెప్పి అడిగినా తప్పే అని నలుగురన్నారు. ఆ మాట అభ్యర్థికీ ప్రత్యర్థికీ మాత్రమే వర్తిస్తుందని, లేకపోతే ఓటర్లు తమ కులమత కష్టాల గురించి మాట్లాడుకునే దారే మూసుకుపోతుందని ముగ్గురన్నారు.

తెలుగువాడిగా నాకు ఇందులో ఒక వింత కనిపిస్తుంది. మనకు 'తన' ఉంది, 'అతని' ఉంది. "రాముడు తన అన్నతో వచ్చాడు" అంటే రాముడి అన్న. "రాముడు అతని అన్నతో వచ్చాడు" అంటే ఇంకెవరి అన్నో. ఇంగ్లిష్‌లో రెండింటికీ ఒకటే మాట. ఆ సెక్షన్‌ని మొదట తెలుగులో రాసి ఉంటే, తన మతమో ఓటరు మతమో రాసేవాడు కలం పెట్టిన చోటే తేల్చుకోవలసి వచ్చేది. ఏళ్ల తరబడి సాగిన ఒక వాదం మన భాషలో పుట్టడానికే చోటు లేదు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, మన భాషకు దాని గందరగోళాలు దానికున్నాయి.

ఇప్పుడు మీ గుడి గొడవ. ఇక్కడ కూడా తెలుగు వ్యాకరణం మనకు సాయం చేస్తుంది. 'కొను' అనే సహాయక క్రియ తెలుసు కదా: వండాడు, వండుకున్నాడు. వండాడంటే ఎవరికోసమైనా కావచ్చు, వండుకున్నాడంటే తన కోసమే. ఇక పేపరు తీయండి. బ్రహ్మోత్సవాలకు ముఖ్యమంత్రి తిరుమల వెళ్తే "ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలు సమర్పించారు" అని రాస్తారు. సమర్పించుకున్నారు అని రాయరు. ఆ వెంటనే "స్వామివారిని దర్శించుకున్నారు" అని ఉంటుంది. మొదటి పని పదవిది, రెండో పని మనిషిది. భద్రాచలంలో శ్రీరామనవమికి ప్రభుత్వం పంపే ముత్యాల తలంబ్రాలు తానీషా కాలం నాటి ఆనవాయితీ అని చెబుతారు. గోల్కొండ నవాబు సమర్పించాడు, అంతే. ఆయన మతాన్ని ఎవరూ అడగలేదు, ఆయన దర్శించుకున్నాడా అనీ అడగలేదు. రాసే విలేకరికి ఏ వ్యాకరణమూ గుర్తుండనక్కర్లేదు, చెయ్యి దానంతట అదే రాసేస్తుంది. పదవికీ మనిషికీ మధ్య గీతను మన భాష ఎప్పుడో గీసి పెట్టింది.

చిక్కు ఆ గీత చెరిగిన చోటే వస్తుంది. 2015 డిసెంబరులో కేసీఆర్ ఎర్రవల్లిలోని సొంత వ్యవసాయ క్షేత్రంలో అయుత చండీయాగం చేశారు. నచ్చినవాళ్లు మెచ్చుకున్నారు, నచ్చనివాళ్లు వెక్కిరించారు. అది వేరే సంగతి. 2017 ఫిబ్రవరిలో తిరుమల శ్రీవారికి 5 కోట్ల రూపాయలకు పైగా విలువైన బంగారు ఆభరణాలు ఇచ్చారు. అదే నెలలో కురవి వీరభద్రస్వామికి బంగారు మీసం ఇచ్చారు. తెలంగాణ వస్తే ఇస్తానని మొక్కుకున్నవి అవి. పత్రికలన్నీ "మొక్కు చెల్లించుకున్నారు" అని రాశాయి. క్రియలో 'కొను' ఉంది, అంటే తన పని. సొమ్ము మాత్రం ప్రభుత్వానిది. క్రియ ఒక జేబు చూపిస్తోంది, డబ్బు ఇంకో జేబులోంచి వస్తోంది. రాష్ట్రం కోసం మొక్కిన మొక్కు కాబట్టి రాష్ట్రమే తీర్చాలని ఆయన పక్షం వాదన. వాదనగా బాగానే ఉంది. కానీ మా ఊళ్లో మొక్కు మొక్కినవాళ్లే తీర్చుకుంటారు. పొరుగువాడి ట్రాక్టరు అమ్మి తలనీలాలు ఇచ్చిరారు.

ఈ గొడవ ఇప్పటిదేమీ కాదు. 1951 మేలో సోమనాథ ఆలయ ప్రతిష్ఠకు రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ వెళ్లడం నెహ్రూకు ఇష్టం లేకపోయింది. రాజేంద్రప్రసాద్ భక్తి మీద ఆయనకు అభ్యంతరం లేదు, రాష్ట్రపతి వెళ్లడం మీదే. ప్రసాద్ గారు వెళ్లారు. తెలుగులో చెప్పాలంటే అది సమర్పించడమా, దర్శించుకోవడమా అన్నదే వాళ్లిద్దరి తగాదా.

ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా కాషాయం కట్టినప్పుడు అభిమానులకు అది వైరాగ్యం, ప్రత్యర్థులకు వేషం. ఆయన నటుడు కావడంతో 'వేషం' అనే మాటకు పదును రెట్టింపయింది. కాషాయం, కషాయం ఒకే మూలం నుంచి వచ్చిన మాటలు. కషాయమంటే వగరు, వగరు చెక్క రంగుతో అద్దిన బట్ట కాషాయం. ఎవరికి ఏది మింగుడు పడుతుందో వాళ్ల ఇష్టం.

2024 సెప్టెంబరు దాకా వద్దాం. లడ్డూ నెయ్యి వివాదం ముదిరిన రోజులు. తిరుమలలో హిందువులు కానివారు స్వామి మీద విశ్వాసం ఉందని సంతకం చేసే పద్ధతి ఉంది, జనం దాన్ని 'డిక్లరేషన్' అనే పిలుస్తారు. జగన్ సంతకం పెట్టాలా వద్దా అన్నది అప్పుడు పెద్ద రచ్చ. తన మతం మానవత్వమని, కావాలంటే డిక్లరేషన్‌లో అలాగే రాసుకోమని ఆయన అన్నారు. చూశారా, 'మతం' అక్కడ మళ్లీ పాత అర్థానికి, అభిప్రాయానికి, చేరువైంది. సరిగ్గా అవే రోజుల్లో పవన్ కల్యాణ్ పదకొండు రోజుల ప్రాయశ్చిత్త దీక్ష పట్టి, తిరుమలలో విరమించి, తిరుపతి సభలో 'వారాహి డిక్లరేషన్' ప్రకటించారు. ఒకే కొండ దగ్గర, ఒకే వారంలో, ఒకే ఇంగ్లిష్ మాటకు రెండు పనులు పడ్డాయి. ఒక శిబిరానికి మొదటి డిక్లరేషన్ నిబంధన, రెండోది ధర్మం. ఇంకో శిబిరానికి మొదటిది అవమానం, రెండోది రాజకీయం. ఎవరిది రైటో తేల్చడం నా పని కాదు. కానీ వాక్యాన్ని పరీక్షించే పద్ధతి ఒకటి చెప్పగలను. మీ వాక్యంలో పేరు తీసేసి అవతలి పార్టీ వాడి పేరు పెట్టి చదవండి. క్రియ, విశేషణం అలాగే నిలబడితే ఆ వాక్యం నిజాయతీగా ఉన్నట్టు. "దర్శించుకున్నారు" కాస్తా "గుళ్ల చుట్టూ తిరుగుతున్నారు" అయిపోతే, కోడలి కుండ దగ్గరికి వచ్చామన్నమాట.

'అన్యమతం' గురించి ఒక్క మాట. అన్య అంటే వేరు, ఇతర. గుడి లోపల నిలబడి అంటే అర్థముంది, ఆ గుడికి వేరు. సచివాలయం మెట్ల మీద నిలబడి ఒక మంత్రిని అన్యమతస్థుడంటే, ఎవరికి అన్యం? ప్రభుత్వానికి మతం లేనప్పుడు దానికి అన్యమతం ఎక్కడి నుంచి వస్తుంది? అలాగే 'బుజ్జగింపు'. ఏడ్చే పసిపిల్లల్ని బుజ్జగిస్తాం. ఇఫ్తార్ విందుకు వెళ్లడాన్ని బుజ్జగింపు అంటే వెళ్లిన నాయకుడి మీద కంటే విందు పెట్టినవాళ్ల మీద ఎక్కువ చులకన పడుతుంది. పెద్దవాళ్లు, ఓటున్నవాళ్లు, పన్ను కట్టేవాళ్లు. మరోవైపు, గుడికి వెళ్లిన ప్రతివాడినీ 'మతోన్మాది' అనేవాళ్లూ ఉన్నారు. ఉన్మాదమంటే పిచ్చి. బొట్టు పెట్టుకోవడం పిచ్చి కాదు. మత, మతపరమైన అనేవి మామూలు మాటలు. మతతత్వం, మతోన్మాదం ఆరోపణలు. ఆరోపణ చేసేటప్పుడు ఆధారం చూపాలి.

'లౌకిక' సంగతి. 1976లో 42వ సవరణతో రాజ్యాంగ పీఠికలో చేరిన 'సెక్యులర్'కి మనం ఎంచుకున్న మాట ఇది. లోకానికి సంబంధించినది లౌకికం. పతంజలి మహాభాష్యం మొదట్లోనే ప్రశ్న వస్తుంది, ఏ శబ్దాల గురించి చెప్పబోతున్నారని. "లౌకికానాం, వైదికానాం చ" అని జవాబు. లోకంలో వాడే మాటలూ, వేదంలోని మాటలూ. రెండూ పక్కపక్కనే కూర్చున్నాయి, ఒకటి ఇంకోదానికి శత్రువు కాదు. కాబట్టి లౌకిక అంటే మతం వద్దనడం కాదు. రోడ్డు, రేషను, కోర్టు, బడి లోకం లెక్కల ప్రకారం నడవాలనడం. నాయకుడు ఇంటికెళ్లి పూజ చేసుకున్నా, నమాజు చేసుకున్నా, ప్రార్థన చేసుకున్నా దానికి అడ్డు రాదు. మూడు చోట్లా 'కొను' వచ్చింది చూడండి. ఇక దీని చిన్న తమ్ముడు 'లౌక్యం' ఉన్నాడు, అవసరానికి తగ్గట్టు మసులుకునే నేర్పు. కొందరు నాయకులు లౌకికం అంటున్నారా లౌక్యం అంటున్నారా అన్నది మైకు సరిగ్గా పనిచేయకపోవడం వల్ల నాకు చాలాసార్లు తెలియలేదు.

చివరగా మీ మాస్టారి మాట. రాజ్యాంగం మూడో షెడ్యూలు రెండు దారులిచ్చింది. దేవుడి పేరున ప్రమాణం చేయవచ్చు, దేవుడి ప్రసక్తి లేకుండా నిష్ఠతో ధ్రువీకరించవచ్చు. మన దగ్గర వినపడే "దైవసాక్షిగా ప్రమాణం చేస్తున్నాను" మొదటిది. ఊళ్లో "దేవుడి తోడు" అనేదే రాజ్‌భవన్‌లో పట్టుపంచె కట్టుకుంది. రెండిట్లోనూ చేసేది ప్రమాణమే. ప్రమాణం చేస్తాం, పదవి స్వీకరిస్తాం. ప్రమాణాన్ని స్వీకరించడమంటే ఇంగ్లిష్‌లో 'టేకింగ్' ఉంది కదా అని తెచ్చుకున్నదే. తర్కం ప్రకారం మీ మాస్టారు రైటు. అయితే 'ప్రమాణ స్వీకారం' ఇప్పుడు పీకినా రానంతగా నాటుకుపోయింది, తప్పని కొట్టేయలేను. నేనైతే "ప్రమాణం చేశారు" అని రాస్తాను. శీర్షికలో చోటు కూడా కలిసొస్తుంది.