పునీత రాడెగుండను పునీతురాలిగా ప్రకటించింది ఎవరు?

ప్రశ్న: మదర్ తెరీసాను 2016లో పోపు ఫ్రాన్సిస్ పునీతురాలిగా ప్రకటించారు. ఆగస్టు 13న పండుగ జరుపుకునే పునీత రాడెగుండను ఏ పోపు, ఏ సంవత్సరంలో అలా ప్రకటించారు? రాణి అయి ఉండి, భర్త బతికి ఉండగానే ఆమె మఠంలో ఎలా చేరగలిగారు?
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఆమెను ఏ పోపూ ప్రకటించలేదు. రోము నుంచి పోపు స్వయంగా ఒకరిని పునీతులుగా ప్రకటించిన తొలి సందర్భంగా చరిత్రలో నమోదైనది 993 నాటిది. ఆనాడు పదిహేనవ జాన్ పోపు ఆగ్స్‌బర్గ్ పీఠాధిపతి ఉల్రిక్‌ను ప్రకటించారు. రాడెగుండ మరణించింది 587లో. ఆ కాలంలో ఒకరి సమాధి దగ్గరికి జనం ప్రార్థనకు రావడం, పీఠాధిపతి దానిని అంగీకరించడం, మరణించిన రోజును ఏటా పండుగగా జరుపుకోవడం, ఇవే పునీతత్వానికి గుర్తింపు. కనుక ఆమెను పునీతురాలిని చేసింది ఎవరని అడిగితే, ఆమెను కళ్ళారా చూసినవారే అని చెప్పాలి.

ఇక రెండో ప్రశ్న. రాడెగుండ నేటి జర్మనీలోని థురింగియా రాజవంశంలో 520 ప్రాంతంలో పుట్టారు. తండ్రి బెర్తహార్‌ను ఆయన సొంత అన్నదమ్ముడే చంపాడు. 531లో ఫ్రాంకులు (నేటి ఫ్రాన్స్ ప్రాంతాన్ని ఏలిన జాతి) థురింగియాను జయించినప్పుడు, ఇంకా చిన్నపిల్లగా ఉన్న ఆమెను ఫ్రాంకు రాజు క్లోతార్ బందీగా తీసుకుపోయి, పెంచి, పెద్దయ్యాక పెళ్ళి చేసుకున్నాడు. ఆయనకు ఇతర భార్యలూ ఉన్నారు. 550 ప్రాంతంలో అదే క్లోతార్ ఆమె తమ్ముణ్ణి చంపించడంతో ఆమె రాజగృహం విడిచి నోయాన్ నగరానికి వెళ్ళి, తనను దేవునికి అంకితం చేయమని పీఠాధిపతి మెదార్‌ను కోరారు. పెళ్ళయిన రాణిని స్వీకరించడానికి ఆయన సంకోచించారు, ఫ్రాంకు ప్రముఖులు ఆయనను బలిపీఠం దగ్గరి నుంచి లాగబోయారు. అప్పుడు రాడెగుండ తానే పక్క గదిలోకి వెళ్ళి, మఠవస్త్రం ధరించి వచ్చి, మనుషులకు భయపడి దేవుని పని ఆపుతారా అన్న అర్థంలో ఆయనను నిలదీశారు. మెదార్ ఆమె తలపై చేయి ఉంచి డీకనుగా, అంటే శ్రీసభ సేవకురాలిగా, ప్రతిష్ఠించారు. ఆ తర్వాత క్లోతార్ ఆమెను వెనక్కి తెచ్చుకోవాలని బయలుదేరినా, పారిస్ పీఠాధిపతి జెర్మానుస్ ఆయన మనసు మార్చారు. చివరికి నేటి ఫ్రాన్స్‌లోని ప్వాతియే నగరంలో ఆమె మఠం స్థాపించుకోవడానికి ఆ రాజే సహాయం చేశాడు.

మఠాధ్యక్షురాలిగా తాను ఉండకుండా, తాను పెంచిన ఆగ్నెస్‌ను ఆ స్థానంలో ఉంచారు. మఠంలో ఆమె ఏం చేశారో కవి ఫోర్చునాటస్ దగ్గర నుండి చూసి రాశారు. వంటింటికి కట్టెలు మోశారు, పొయ్యి ఊదారు, గిన్నెలు కడిగారు. తోటి కన్యాస్త్రీలు నిద్రపోయాక వారి చెప్పులు తుడిచి నూనె రాసి పెట్టేవారు. నన్ను అన్నిటికన్నా కదిలించేది ఈ చెప్పుల సంగతే, ఎందుకంటే అది ఎవరూ చూడని వేళ చేసిన పని. ఆమె మరణించాక బౌదోనీవియా అనే మఠకన్య మరో జీవితచరిత్ర రాసింది. ఒక స్త్రీ పునీతురాలి కథను ఆమె మఠంలోని స్త్రీయే రాయడం ఆ కాలానికి చాలా అరుదు.

569లో కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తి రెండో జస్టిన్ నుంచి ఆమె ప్రభువు సిలువ అవశేషాన్ని తెప్పించారు. దానిని మఠంలో ప్రతిష్ఠించడానికి స్థానిక పీఠాధిపతి మరొవేయుస్ నిరాకరించడంతో తూర్ పీఠాధిపతి వచ్చి ఆ పని చేశారు. పవిత్ర వారంలో నేటికీ పాడే ‘వెక్సిల్లా రేజిస్’ అనే లతీను గీతాన్ని ఫోర్చునాటస్ ఆ సందర్భానికే రాశారు.

ఆమె అంత్యక్రియలకు కూడా మరొవేయుస్ అందుబాటులో లేరు. తూర్ పీఠాధిపతి గ్రెగొరి వచ్చి జరిపించారు. శవపేటిక చుట్టూ సుమారు రెండు వందల మంది కన్యాస్త్రీలు నిలబడి ఏడ్చారని ఆయనే రాశారు. మఠం దాటి బయటికి రాకూడదన్న నియమం ఉంది గనుక, ఆమె దేహాన్ని ప్రాకారం కింది దారిన తీసుకుపోతుంటే వారు గోడల మీద, కిటికీల దగ్గర నిలబడి విలపించారు. నా దృష్టిలో ఆమె పునీతత్వానికి తొలి ప్రకటన అదే.

1562లో, ఫ్రాన్స్‌లో కతోలికులకూ ప్రొటెస్టెంట్లకూ మధ్య జరిగిన మతయుద్ధాల కాలంలో, ఆమె సమాధిని ధ్వంసం చేశారు, అయినా ప్వాతియేలో ఆమె పేరిట ఉన్న ఆలయపు నేలమాళిగలో రాతి శవపేటిక ఇప్పటికీ ఉంది. ఆమె స్థాపించిన పవిత్ర సిలువ మఠం నేడు నగరానికి దగ్గరలోనే మరోచోట కొనసాగుతోంది. ఆమె వాడినదని చెప్పుకునే ఒక చిన్న చెక్క పుస్తకపీఠాన్ని ఆ మఠం తరతరాలుగా భద్రపరచుకుంది. దాని నడుమ గొర్రెపిల్ల, నాలుగు మూలల్లో నలుగురు సువార్తికుల చిహ్నాలు చెక్కి ఉంటాయి.