తోట కోసం ఎఫ్‌డీ బ్రేక్ చేయకండి మాస్టారూ

ప్రశ్న: రిటైర్డ్ టీచర్ని, వయసు 66. హైదరాబాద్ నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో పదకొండేళ్లుగా పొద్దున్నే నడుస్తున్నాను. ఆ గార్డెన్స్‌లోనే ఉన్న మ్యూజియంలో ఈజిప్టు మమ్మీని చూడ్డానికి వచ్చినవాళ్లు తోట వైపు రాకుండానే వెళ్లిపోతున్నారు. చెట్లకు పేర్ల బోర్డులు, గేట్ల దగ్గర మ్యాపులు, కరపత్రాలు, వీడియోలు, ఒక ప్రారంభ సభ పెట్టాలని పది మంది మిత్రులం అనుకున్నాం. 6 లక్షలు అవుతుంది. ముందు నా ఎఫ్‌డీలోంచి 2 లక్షలు పెట్టి, కంపెనీలు సీఎస్ఆర్ (సమాజం కోసం లాభాల్లోంచి చేసే ఖర్చు) కింద ఇచ్చాక తీసుకుందామని ఆలోచన. డల్లాస్‌లో ఉన్న మా అమ్మాయి, వాళ్ల ఫ్రెండ్స్ కూడా పంపుతామంటున్నారు. ఇది సరైన దారేనా?

జవాబు: మాస్టారూ, ఆలోచన చాలా బాగుంది. కానీ ఎఫ్‌డీ జోలికి మాత్రం వెళ్లకండి. ముందే తీస్తే వడ్డీలో కోత పడుతుంది, అది చిన్న నష్టం. స్పాన్సర్ రాకపోతే ఆ 2 లక్షలు ఎవరినీ అడగలేరు, అదీ అసలు నష్టం. తోట మీద ప్రేమతో ఇవ్వాలనిపిస్తే, పోయినా నెల ఖర్చుకు ఇబ్బంది రానంత మొత్తం విరాళంగా ఇవ్వండి. అప్పుగా మాత్రం ఇవ్వొద్దు.

ఇక మీరు పంపిన లెక్క. 100 చెట్లకు బోర్డులు ఒక్కోటి 1,500 చొప్పున లక్షన్నర, మ్యాపు బోర్డులకు 90 వేలు, కరపత్రాలకు 40 వేలు, వీడియోలకూ సోషల్ మీడియా ప్రకటనలకూ 1.80 లక్షలు, ప్రారంభ సభకు 1.40 లక్షలు. మొదటి రెండూ కలిపి 2.40 లక్షలు, అవి తోటలో నిలిచిపోయే పనులు. మిగతా 3.60 లక్షలు ప్రచారం. ఈ రెంటినీ ఒకే ఉత్తరంలో కలిపి అడగడం వల్లే చాలామందికి డబ్బు రాదు. సీఎస్ఆర్ నిబంధనల ప్రకారం, కంపెనీ తన సరుకుకో సేవకో ప్రచారం వచ్చేలా ఇచ్చే స్పాన్సర్‌షిప్ సీఎస్ఆర్ ఖర్చుగా చెల్లదు. కరపత్రం మీద లోగో వేస్తామని ఆశపెట్టి సీఎస్ఆర్ డబ్బు అడిగితే ఫైలు అక్కడే ఆగిపోతుంది. లోగో కావాలనుకునేవాళ్ల దగ్గరికి వేరే ఉత్తరంతో వెళ్లండి. నాంపల్లి చుట్టుపక్కల హోటళ్లు, స్వీటు షాపులు తమ ప్రకటనల ఖర్చులోంచి కరపత్రం అచ్చు వేయించొచ్చు. సభ ఖర్చు నేనైతే పూర్తిగా తీసేస్తాను. ఆ డబ్బుతో ఇంకో 93 చెట్లకు పేర్లు పెట్టొచ్చు.

సీఎస్ఆర్‌లో ఇంకో చిక్కుంది. ఒక సొసైటీ చేతికి ఆ డబ్బు ఇవ్వాలంటే దానికి 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతలకు పన్ను మినహాయింపు) రిజిస్ట్రేషన్లు, సీఎస్ఆర్ పనులు చేసే సంస్థగా ప్రభుత్వం దగ్గర సీఎస్ఆర్-1 నమోదు, అలాంటి పనిలో కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలి. మీది ఇంకా పుట్టని సంస్థ. దీనికి దారి లేకపోలేదు. ఉద్యాన శాఖ అనుమతితో ఆ పని కంపెనీనే నేరుగా చేయించమనండి. బిల్లు వాళ్లే కడతారు, డబ్బు మీ చేతికి రాదు, బోర్డులు మాత్రం వస్తాయి. మీకు కావాల్సింది కూడా అదే కదా.

అమెరికా డబ్బు దగ్గర చాలా జాగ్రత్త. మీ అమ్మాయికి ఇంకా భారత పాస్‌పోర్టే ఉంటే, తన సొంత సంపాదనలోంచి సొసైటీకి పంపొచ్చు, అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న ఫ్రెండ్స్ సంగతి వేరు. ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతి వాళ్లకిచ్చేది) ఉన్నా వాళ్ల డబ్బు విదేశీ విరాళమే, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి లేకుండా తీసుకోకూడదు. కొత్త సంస్థకు ఆ అనుమతి రావడం కష్టం. అందరూ మీ అమ్మాయి ఖాతాలో వేసి తన పేరు మీద పంపడం కూడా తప్పే. వాళ్లు సెలవులకు వచ్చినప్పుడు ఆదివారం తోటకి పిలవండి, పిల్లల్ని తీసుకురమ్మనండి.

మరి డబ్బు ఎక్కణ్నుంచి? రోజూ మీ పక్కన నడిచేవాళ్ల దగ్గర్నుంచే. ఒక చెట్టుకు 1,500, ఒక దాత. ముందు 20 చెట్లతో మొదలుపెట్టండి, 30 వేలు చాలు. బోర్డు మీద తెలుగు పేరు పెద్దక్షరాల్లో, కింద ఉర్దూ, ఇంగ్లిష్, శాస్త్రీయ నామం ఉండాలి. మాను మీద మేకులు కొట్టొద్దు, నేలలో పాతే స్టాండు చేయించండి. మా కాలనీ పార్కులో ఇలాగే 12 బోర్డులు పెట్టాం. మొదటి ఆదివారం ఒక పాప కానుగ చెట్టు దగ్గర ఆగి, బోర్డు కూడబలుక్కుని చదివి, వాళ్ల తాతని పిలిచి మళ్లీ చదివింది. ఆ తాత అక్కడికక్కడే ఇంకో రెండు బోర్డులకు డబ్బిచ్చారు.

అందరి డబ్బూ మీ సొంత ఫోన్‌పేలోకి రానివ్వకండి. ఏడుగురు ఉంటే సొసైటీ రిజిస్టర్ చేసుకోవచ్చు, మీరు పది మంది ఉన్నారు. ఆశయాల్లో పర్యావరణ పరిరక్షణ అని స్పష్టంగా రాయించండి. పాన్ తీసుకుని, ఇద్దరి సంతకాలతో నడిచే బ్యాంకు ఖాతా తెరవండి. 80జీ వచ్చాక కూడా 2,000 దాటిన నగదు విరాళానికి, కొత్త పన్ను విధానంలో ఉన్న దాతకు మినహాయింపు రాదని ముందే చెప్పేయండి. తర్వాత మాట పడాల్సిన పని ఉండదు.

వీటన్నిటికంటే ముందు, ఈ వారంలోనే, అదే గార్డెన్స్‌లో ఉన్న ఉద్యాన శాఖ కార్యాలయంలో రాతపూర్వక అనుమతికి దరఖాస్తు ఇవ్వండి. జవాబు వచ్చేలోపు రెండు ఆదివారాలు మ్యూజియం ముందు నిలబడి, ఎంతమంది బయటికొచ్చారో, అందులో ఎంతమంది తోటలోకి నడిచారో నోటుబుక్కులో రాసుకోండి. బోర్డులు పెట్టిన ఆరు నెలలకు మళ్లీ లెక్కపెట్టండి. కంపెనీకి రాసే ఉత్తరంలో మొదటి పేరాలో బోర్డులకు ముందూ తర్వాతా వేసిన ఆ రెండు లెక్కలే ఉండాలి, తోట చరిత్ర తర్వాత రాయొచ్చు.