సైకిల్ తొక్కుతూ పాటలు వినొచ్చా? మణికట్టు విరిగాక నేను తెలుసుకున్నది

మీరు అడిగింది ఇదీ: ఆఫీసుకు రోజూ నలభై నిమిషాలు సైకిల్ మీద వెళ్తారు. సగం దారి బండ్లు తిరిగే రోడ్డు, మిగతా సగం సైకిళ్లకు విడిగా వేసిన ట్రాక్. వాల్యూమ్ తగ్గించో, ఒక్క చెవిలోనే పెట్టుకునో పాటలు వింటే ప్రమాదమా అని.

బండ్లు తిరిగే రోడ్డు మీద అసలు వద్దు. ట్రాక్ మీదైనా చెవులు మూసేవి వద్దు. పాటలంటే నాకు ప్రాణం, మూడేళ్లు రెండు చెవుల్లోనూ ఇయర్‌బడ్స్ పెట్టుకునే తొక్కాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నాకు దెబ్బ తగిలింది ట్రాక్ మీదే. ఉదయం పూట, దారంతా ఖాళీ. ఎదురుగా గాజు పెంకులు కనబడితే హ్యాండిల్ కొంచెం పక్కకు తిప్పాను. సరిగ్గా అప్పుడే వెనక నుంచి వచ్చిన ఒకావిడ నన్ను దాటుతున్నారు. ఇద్దరం పడ్డాం. ఆవిడకు మోచెయ్యి, మోకాలు చెక్కుకుపోయాయి. నా మణికట్టు విరిగింది, ఆరు వారాలు కట్టుతో ఉన్నాను. ఆవిడ తిట్టలేదు. "మూడుసార్లు బెల్ కొట్టానండీ" అన్నారంతే. నాకు ఒక్కసారి కూడా వినబడలేదు. అప్పుడు నా ఫోన్‌లో వాల్యూమ్ సగం కూడా లేదు.

చెవులు మూసుకున్నా కళ్లు తెరిచే ఉన్నాయి కదా అనుకునేవాణ్ణి. కానీ సైకిల్ మీద కళ్లు ముందుకే చూస్తాయి, వెనక ఏముందో చూడాలంటే తల తిప్పాలి. ఎప్పుడు తిప్పాలో చెప్పేది చెవే. టైరు చప్పుడు, ఇంజన్ మోత, బెల్, ఏదో ఒకటి వినబడితేనే మనకు తెలియకుండానే తల తిరుగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు వెనక ఉందనుకోండి, మీరు 20తో తొక్కుతున్నారనుకోండి. అది సెకనుకు 11 మీటర్ల చొప్పున మీకు దగ్గరవుతుంది. మూడు సెకన్ల ముందు వినబడిందంటే ముప్పై మీటర్ల పైన దూరం ఉన్నట్టు, పక్కకు తప్పుకోవడానికి టైమ్ ఉన్నట్టు.

ఇక వాల్యూమ్ సంగతి. నన్ను మోసం చేసింది ఇదే. వేగంగా వెళ్తుంటే గాలి చెవి అంచున సుడి తిరిగి చప్పుడు చేస్తుంది. వేగం పెరిగేకొద్దీ ఆ చప్పుడూ పెరుగుతుంది. ఇంట్లో చాలిన వాల్యూమ్ దారిలో చాలదు. పల్లంలో దిగేటప్పుడు రెండు మెట్లు పెంచేవాణ్ణి, కిందికొచ్చాక తగ్గించడం మర్చిపోయేవాణ్ణి. ఇందులో చెవుల ఆరోగ్యం కూడా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదాని ప్రకారం పెద్దవాళ్లు 80 డెసిబెళ్ల దగ్గర వారానికి 40 గంటలు వినొచ్చు. అదే 90 అయితే 4 గంటలే. మీ రానుపోను కలిపితే వారానికి ఆరున్నర గంటలు దాటుతుంది, ఒకసారి లెక్క చూసుకోండి.

ఒక చెవి మాటకొస్తే, రెండు చెవులకంటే నయమే. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ యూనివర్సిటీ పరిశోధకులు 2011లో దీన్ని సైకిల్ తొక్కేవాళ్ల మీదే పరీక్షించారు. చెవి లోపలికి దూరే రకంతో బయటి శబ్దాలు బాగా తప్పిపోయాయి, మామూలు ఇయర్‌ఫోన్ ఒక చెవిలోనే ఉంటే పెద్దగా తేడా రాలేదు. ఐతే వినబడడం వేరు, ఎటు నుంచో తెలియడం వేరు. కుడి వైపు శబ్దం కుడి చెవికి ఒక మిల్లీసెకను కంటే తక్కువ తేడాతో ముందు చేరుతుంది, కాస్త గట్టిగా కూడా వినబడుతుంది. మెదడు ఆ తేడాతోనే దిక్కు పోల్చుకుంటుంది. ఒక చెవి మూసేస్తే ఆ పోలిక చెడిపోతుంది. బండి వస్తోందని తెలుస్తుంది, ఏ పక్క నుంచో తెలియక తడబడతాం.

నాయిస్ క్యాన్సలేషన్ ఉన్నవి మాత్రం సైకిల్ మీద ఎప్పుడూ పెట్టుకోకండి. ఒకే తీరున మోగే మంద్రమైన శబ్దాలను తీసేయడమే వాటి పని. మనకు వినబడాల్సిన ఇంజన్ మోత, టైర్ల హోరు సరిగ్గా ఆ కోవకే చెందుతాయి. బయటి శబ్దాన్ని లోపలికి పంపే మోడ్ ఉంటుంది కదా అంటారు. నేను వాడాను, మైకులోకి గాలి కొట్టి హోరు తప్ప ఏమీ వినబడలేదు.

ఎలక్ట్రిక్ బండ్ల విషయం కూడా ఆలోచించండి. నెమ్మదిగా వెళ్లేటప్పుడు వాటికి చప్పుడే ఉండదు. అందుకే యూరప్‌లో 2021 నుంచి కొత్త ఎలక్ట్రిక్ కార్లన్నీ గంటకు 20 కిలోమీటర్ల లోపు వేగంలో కావాలని శబ్దం చేయాలని నియమం పెట్టారు. అంత సన్నటి శబ్దం పాట కింద నిలవదు. ఇంకో సంగతి, సొంత సైకిల్ చెప్పే మాటలు కూడా పోతాయి. బ్రేక్ ప్యాడ్ అరిగి రిమ్ముకు ఇనుము గీసుకోవడం, చైన్ టకటకలాడడం, ట్యూబులోంచి గాలి పోవడం, ఇవన్నీ ముందు తెలిసేది చెవికే. ఒకసారి నా బ్రేక్ ప్యాడ్ పూర్తిగా అరిగి రిమ్ముకు గాడి పడింది. రోజూ దాని మీదే కూర్చుని తొక్కినా నాకు తెలియలేదు.

వినబడనివాళ్లు సైకిల్ తొక్కడం లేదా అని కొందరు అడుగుతారు. తొక్కుతారు, చాలా జాగ్రత్తగా కూడా తొక్కుతారు. ఎందుకంటే చెవి సాయం లేదని వాళ్లకు తెలుసు, మాటిమాటికీ వెనక్కి చూడడం అలవాటు చేసుకుంటారు. పాట వినేటప్పుడు మనం అలా చూడం.

చట్టం ఒక్కో చోట ఒక్కోలా ఉంది. ఫ్రాన్స్‌లో 2015 జులై నుంచి సైకిల్ మీద ఇయర్‌ఫోన్స్ నిషేధం, కాలిఫోర్నియాలో రెండు చెవులూ మూయకూడదు. మీ దగ్గర ఎలా ఉందో కనుక్కోండి.

ఇప్పుడు నేను రోడ్డు మీద ఏమీ పెట్టుకోను. ట్రాక్ మొదలయ్యే చోట ఆగి బోన్ కండక్షన్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటాను, ట్రాక్ అయిపోగానే తీసేస్తాను. అవి చెవి ముందున్న ఎముక ద్వారా శబ్దాన్ని లోపలి చెవికి పంపుతాయి, చెవి రంధ్రం తెరిచే ఉంటుంది. గట్టిగా పెడితే వాటితోనూ చిన్న శబ్దాలు మునిగిపోతాయి, కాబట్టి పాటలో మాటలు సగమే అర్థమయ్యేంత తక్కువలో పెడతాను. హ్యాండిల్‌కు చిన్న అద్దం బిగించుకున్నాను. ఫోన్ వస్తే ఆగి మాట్లాడతాను. ఎదుటివాళ్లకు జవాబు చెప్పాలి కాబట్టి పాట కంటే ఫోన్ మాటలే ధ్యాసను ఎక్కువ లాగేస్తాయి.

నా మాట మీద నమ్మకం కుదరకపోతే ఒక పని చేయండి. బండ్లు రాని చోట మీరు రోజూ వినే వాల్యూమ్‌లో పాట పెట్టుకుని నిలబడండి. ఒక స్నేహితుణ్ణి వెనక నుంచి సైకిల్ మీద బెల్ కొడుతూ రమ్మనండి. వినబడగానే చెయ్యెత్తండి. కట్టు విప్పాక నేనూ, మా తమ్ముడూ ఇలాగే చేశాం. పాట లేనప్పుడు వాడు చాలా దూరంలో ఉండగానే చెయ్యెత్తాను. ఇయర్‌బడ్స్ పెట్టుకున్నప్పుడు నేను చెయ్యెత్తేసరికి వాడి ముందు చక్రం నా మడమ పక్కన ఉంది.