ఎన్నారై సందేహాలు: వాలంటీర్ అవార్డుకి నామినేట్ చెయ్యమని ఫారం ఇచ్చారు, కొత్తవాళ్ళం మేం రాయొచ్చా?

ప్రశ్న: అక్కా, మేం మిన్నెసోటా వచ్చి ఏడాది కూడా కాలేదు. మావారిది హెచ్‌1 ఉద్యోగ వీసా, నాది ఆయన భార్యగా వచ్చిన హెచ్‌4, నాకింకా ఈఏడీ (పని చెయ్యడానికి అనుమతి కార్డు) రాలేదు. చర్చిలో పరిచయమైన ఒక పెద్దావిడ మమ్మల్ని వాళ్ళ ఫ్రాటర్నల్ సొసైటీ (మెంబర్లే నడుపుకునే, ఇన్సూరెన్స్ కూడా ఇచ్చే సాయ సంఘం) వాళ్ళు చేసే సర్వీస్ డే కి తీసుకెళ్ళింది. ఇన్సూరెన్స్ అంటగడతారేమో అని భయపడుతూనే వెళ్ళాం కానీ అక్కడ అందరూ ఫుడ్ షెల్ఫ్ (లేనివాళ్ళకి ఉచితంగా సరుకులిచ్చే చోటు) కోసం డబ్బాలు సర్దుతున్నారు, మేమూ సర్దాం, తర్వాత కూడా వెళ్తున్నాం. ఇప్పుడు ఈ ఏడాది బెస్ట్ వాలంటీర్ ఎవరో రాసిమ్మని ఫారం ఇచ్చారు. కొత్తవాళ్ళం రాస్తే బాగుంటుందా, ఏం రాయాలి? ఇంకొకటి, మావారి పేరు కూడా ఎవరో ఇస్తామంటున్నారు, వీసాకి ఏమన్నా ఇబ్బందా?

జవాబు: రాయొచ్చు చెల్లీ, తప్పకుండా రాయండి. ఫారం మీ చేతికిచ్చారంటేనే మీ మాట వాళ్ళకి కావాలని అర్థం. పైగా పాతవాళ్ళ కళ్ళకి అలవాటైపోయి కనపడకుండా పోయిన పని కొత్తవాళ్ళకే కనపడుతుంది, అందుకని మీలాంటి వాళ్ళు రాసిన నామినేషన్ కి చాలా విలువ ఉంటుందని నేను గట్టిగా నమ్ముతాను.

ముందు ఈ సొసైటీల సంగతి కాస్త చెప్తాను, ఎందుకంటే అది తెలిస్తేనే ఈ అవార్డుకి వాళ్ళు అంత ప్రాణం ఎందుకు పెడతారో తెలుస్తుంది. 1868లో పెన్సిల్వేనియాలోని మీడ్‌విల్ ఊళ్ళో జాన్ జోర్డాన్ అప్‌చర్చ్ అనే రైల్వే షాపు మెకానిక్ కొంతమంది పనివాళ్ళని కూడగట్టి ఒక సంఘం పెట్టాడు, మెంబర్లలో ఎవరైనా పోతే మిగతావాళ్ళు తలా ఒక డాలరు వేసి ఆ కుటుంబానికి ఇవ్వాలి అని. అప్పట్లో ఫ్యాక్టరీలో, గనిలో మగమనిషి పోతే ఆ ఇంటికి ఇంకో దిక్కు లేదు, గవర్నమెంటు సాయం లేదు, ఇన్సూరెన్స్ కంపెనీలు పేదవాళ్ళ వైపు చూసేవి కావు. ఆ పద్ధతి చూసి వలస వచ్చినవాళ్ళందరూ ఎవరి సంఘం వాళ్ళు పెట్టుకున్నారు, పోలిష్ వాళ్ళు, స్లోవాక్ వాళ్ళు, నార్వే వాళ్ళు, క్రొయేషియా వాళ్ళు, అందరూ. 1882లో కనెక్టికట్ లోని న్యూ హేవెన్ లో మైకేల్ మెగివ్నీ అనే ఫాదర్ గారు నైట్స్ ఆఫ్ కొలంబస్ పెట్టారు, 1883లో మోడర్న్ వుడ్‌మెన్ వచ్చింది, మీ మిన్నియాపోలిస్ లోనే హెడ్డాఫీసు ఉన్న థ్రైవెంట్ కి మూలం 1902లో విస్కాన్సిన్ లో లూథరన్లు (ఒక ప్రొటెస్టెంట్ క్రైస్తవ శాఖ వాళ్ళు) పెట్టుకున్న సొసైటీ. ఇవి ఇన్సూరెన్స్ అమ్ముతాయి, నిజమే, కానీ షేర్‌హోల్డర్లు ఉండరు, మెంబర్లదే సొసైటీ. ట్యాక్స్ చట్టంలో 501(సి)(8) అని వీటికి వేరే క్లాజు ఉంది, దాని ప్రకారం లాడ్జి పద్ధతిలో నడవాలి, అంటే ఊరూరా లోకల్ శాఖలు, మెంబర్ల మధ్య కలిసి బతికే వ్యవహారం ఉండాలి. మామూలు కంపెనీకీ వీటికీ తేడా అదే. ఆ తేడా నిలబడేది ఎవరి వల్ల? శనివారం పొద్దున్నే వచ్చి తాళం తీసే వాలంటీర్ల వల్ల. వాళ్ళు రావడం మానేస్తే మిగిలేది పాలసీ కాగితమే.

మన గుంటూరు వైపు వాళ్ళకైతే ఇందులో ఒక చుట్టరికం కూడా ఉంది. 1842లో గుంటూరు వచ్చి లూథరన్ మిషన్ మొదలుపెట్టిన ఫాదర్ హయ్యర్ గారే తర్వాత అమెరికా తిరిగొచ్చి మిన్నెసోటాలో పనిచేశారు, 1860లో మిన్నెసోటా సినడ్ (అక్కడి లూథరన్ చర్చిల సంఘం) మొదలైనప్పుడు దాని మొదటి ప్రెసిడెంట్ ఆయనే, డెబ్భై దాటిన వయసులో మళ్ళీ మన తెలుగు నేలకి వచ్చారు కూడా. కాబట్టి గుంటూరు ఏఈఎల్‌సీ (ఆంధ్రా లూథరన్ చర్చి) కుటుంబం నుంచి వచ్చినవాళ్ళు అక్కడి లూథరన్ల మధ్య మొహమాటపడాల్సిన పని లేదు.

సరే, గుర్తింపు సంగతి. ఒక్కో సొసైటీది ఒక్కో తీరు. నైట్స్ ఆఫ్ కొలంబస్ లో నెలనెలా ఒక కుటుంబాన్ని, ఒక మెంబర్ని ఎంచి గౌరవించే ప్రోగ్రాం ఉంది, కుటుంబం మొత్తాన్ని నిలబెట్టి పేరు చదవడం నాకు చాలా నచ్చుతుంది, ఎందుకంటే నాన్న చర్చి వాళ్ళ ఫిష్ ఫ్రై విందు దగ్గర నిలబడితే ఇంట్లో పిల్లల్ని చూసుకున్నది అమ్మే కదా. మోడర్న్ వుడ్‌మెన్ వాళ్ళ లోకల్ చాప్టర్లు హోమ్‌టౌన్ హీరో అని ఊళ్ళో సేవ చేసేవాళ్ళకి ఒక సర్టిఫికెట్టూ, ఆ మనిషి కోరుకున్న చారిటీకి 100 డాలర్ల గ్రాంటూ ఇస్తుంటారు. చూడండి, డబ్బు వాలంటీర్ జేబులోకి వెళ్ళదు, ఆ మనిషి నమ్మిన పనికి వెళ్తుంది. థ్రైవెంట్ లో ఇంకో రకం, మెంబరెవరైనా ఒక సేవ పని అనుకుంటే యాక్షన్ టీం పెట్టి 250 డాలర్ల వరకు ఖర్చులకి తీసుకోవచ్చు, నా లెక్కలో అది కూడా గుర్తింపే, మీ మీద నమ్మకం పెట్టి డబ్బు ముందే చేతికివ్వడం కన్నా గౌరవం ఏముంటుంది.

ఇప్పుడు ఫారంలో ఏం రాయాలి. మనవాళ్ళు చేసేది ఏంటంటే "ఆవిడ చాలా మంచివారు, ఎంతో సేవ చేస్తారు, ఎప్పుడూ నవ్వుతూ ఉంటారు" అని మూడు లైన్లు రాసి ఇచ్చేస్తారు. ఇలాంటివి కమిటీ ముందు గుట్టలుగా ఉంటాయి, దాంతో వాళ్ళకి ఏమీ తెలియదు. మీరు కళ్ళారా చూసింది రాయండి. మిమ్మల్ని తీసుకెళ్ళిన ఆ పెద్దావిడ గురించే రాయాలనుకుంటే, పంపకం రోజు ఎన్నింటికి వస్తుంది, వచ్చి ముందు ఏం చేస్తుంది, గడువు దాటిన డబ్బాలు ఏరి పక్కన పెట్టేది ఆవిడేనా, నడవలేని వాళ్ళకి కార్లో డబ్బా పెట్టి ఇంటికి చేరుస్తుందా, మంచు పడ్డ రోజు ఎవరు రారో ముందే కనుక్కుని ఫోన్లు చేస్తుందా, అలాంటివి. ఇంగ్లీషు గొప్పగా ఉండక్కర్లేదు. "చలికాలంలో మాకు వేసుకునే కోట్లు లేవని చూసి మర్నాడే మా సైజు కనుక్కుని తెచ్చింది" అని ఒక్క వాక్యం ఉంటే చాలు, కమిటీలో కూర్చున్న వాళ్ళకి ఆ మనిషి మొహం కనపడుతుంది. ఎన్నాళ్ళుగా చేస్తుందో, ఎంతమందికి అందుతుందో సొసైటీ సెక్రటరీని అడిగితే చెప్తారు, గంటల లెక్క వాళ్ళ దగ్గర ఉంటుంది. ఊహించి అంకెలు వెయ్యకండి. ఇంకోటి, ఆవిడకి అందరి ముందు నిలబడటం ఇష్టమో కాదో మెల్లగా కనుక్కోండి, కొంతమంది పెద్దవాళ్ళు పేరు చదివితే సిగ్గుపడి ఆ రోజు రావడమే మానేస్తారు, అలాంటి వాళ్ళకి అందరూ సంతకాలు పెట్టిన ఒక కార్డు ఎక్కువ సంతోషం.

ఇక మీవారి పేరు, వీసా సంగతి. లాభాపేక్ష లేని సంస్థలో, మామూలుగా ఎవరికీ జీతం ఇవ్వని పనిని ఏమీ ఆశించకుండా చేస్తే అది వాలంటీరింగే, హెచ్‌1 వాళ్ళు హెచ్‌4 వాళ్ళు ఎఫ్‌1 (చదువు వీసా) పిల్లలు అందరూ చెయ్యొచ్చు. సర్టిఫికెట్టు, ప్లాకు, స్టేజీ మీద చప్పట్లు, వీటితో ఏ ఇబ్బందీ లేదు. జాగ్రత్త పడాల్సింది గిఫ్ట్ కార్డు దగ్గర, గౌరవ వేతనం దగ్గర. గిఫ్ట్ కార్డు అంటే ట్యాక్స్ వాళ్ళ లెక్కలో నగదే, చేసిన పనికి బదులుగా ఇచ్చారు అంటే అది పారితోషికం అవుతుంది, మీలాగా ఈఏడీ లేనివాళ్ళకి అది అనవసరమైన తలనొప్పి. మర్యాదగా "ఆ డబ్బు ఫుడ్ షెల్ఫ్ కే ఇచ్చెయ్యండి" అని ముందే చెప్తే ఎవరూ ఏమీ అనుకోరు, ఇంకా సంతోషిస్తారు. ఇంకో చోట కూడా జాగ్రత్త, కొన్ని సొసైటీల్లో ఫైనాన్షియల్ సెక్రటరీ లాంటి పదవులకి చిన్న మొత్తం ఇస్తారు, మీవారు చురుగ్గా ఉన్నారని ఆ పదవి ఇస్తామంటే డబ్బులున్న పదవా కాదా అని అడిగి, ఉంటే లాయర్ని కనుక్కుని గానీ ఒప్పుకోవద్దు. ఎఫ్‌1 పిల్లలు కాలేజీలో డీఎస్‌ఓ ని (విదేశీ విద్యార్థుల వీసా సంగతులు చూసే అధికారిని) అడగాలి. ట్యాక్స్ కట్టేటప్పుడు ఐటమైజ్ చేసేవాళ్ళు (మినహాయింపులు విడివిడిగా లెక్క చూపించుకునేవాళ్ళు) సేవకి తిరిగిన కారు మైళ్ళకి మైలుకి 14 సెంట్లు చూపించుకోవచ్చు, అదీ పని చారిటీ కింద లెక్కకొచ్చే సంస్థకైతేనే. మీరు పెట్టిన సమయానికి మాత్రం మినహాయింపు ఏమీ ఉండదు.

ఇదంతా రాస్తుంటే మన సంఘాల సంగతి చెప్పకుండా ఉండలేకపోతున్నాను. మనకీ ఇక్కడ సంఘాలున్నాయి, తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) 1977 నుంచీ ఉంది, ఊరూరా ఉగాదికీ దీపావళికీ ఫంక్షన్లు చేసే లోకల్ అసోసియేషన్లు ఉన్నాయి. కానీ స్టేజీ మీద శాలువా ఎక్కువగా చెక్కు ఇచ్చినవాళ్ళకి పడుతోంది. డొనేషన్ ఇచ్చినవాళ్ళని గౌరవించొద్దని నేననడం లేదు, వాళ్ళు లేకపోతే హాలు అద్దె కట్టలేం. కానీ మన పిల్లాడెవరైనా ఇక్కడ యాక్సిడెంట్లో పోతే ఏం జరుగుతుందో ఒకసారి చూడండి. ఆన్‌లైన్లో విరాళాలకి గోఫండ్‌మీ పెడతారు, అది అందరికీ కనపడుతుంది. కనపడనిది ఏంటంటే ఎవరో ఒకరు ఆఫీసుకి సెలవు పెట్టి ఫ్యూనరల్ హోం కి వెళ్తారు, డెత్ సర్టిఫికెట్టు, ఎంబామింగ్ (శవం పాడవకుండా చేసే పద్ధతి) సర్టిఫికెట్టు తీసుకుంటారు, ఆ పిల్లాడి పాస్‌పోర్టు క్యాన్సిల్ చేయించి కాన్సులేట్ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెస్తారు, కార్గో బుక్ చేస్తారు, ఇండియాలో అర్ధరాత్రి ఫోన్ పట్టుకుని ఏడుస్తున్న తండ్రికి విమానం ఎప్పుడు దిగుతుందో చెప్తారు. అప్‌చర్చ్ కాలంలో తలా ఒక డాలరు వేసుకున్నది సరిగ్గా ఇలాంటి చావు కోసమే. ఈ పని చేసిన మనిషి పేరు మన సావనీర్ లో ఎక్కడుంటుంది? స్పాన్సర్ల ఫొటోలకి పేజీలు ఉంటాయి, ఈ మనిషికి ఒక పేరా కూడా ఉండదు. కొన్నాళ్ళకి ఆ మనిషి అలిసిపోయి తప్పుకుంటే "ఈ మధ్య రావట్లేదేంటి" అంటారు. నాకు దీని మీద నిజంగా బాధ ఉంది.

అందుకని మీరు అక్కడ చూసిన ఆ ఫారం పద్ధతి మీ తెలుగు అసోసియేషన్ కి కూడా పట్టుకెళ్ళండి, కమిటీ వాళ్ళే పేర్లు రాసుకోకుండా మెంబర్లు రాసివ్వాలి, ఏం చేశారో చూసింది చూసినట్టు రాయాలి, ఎన్నుకునే ముగ్గురో నలుగురో కమిటీ పదవుల్లో లేనివాళ్ళై ఉండాలి, డొనేషన్ మొత్తం ఆ కాగితంలో రాయకూడదు. వంట దగ్గర, పార్కింగ్ దగ్గర, పిల్లల తెలుగు క్లాసు దగ్గర ఉన్నవాళ్ళ పేర్లు వాటంతటవే వస్తాయి. సన్మానం కూడా ప్రోగ్రాం చివర్లో జనం కార్లెక్కుతున్నప్పుడు కాదు, భోజనాలకి ముందు, హాలు నిండుగా ఉన్నప్పుడు పెట్టించండి.

మీ ఫారం సంగతికొస్తే, పంపేముందు ఆవిడ పేరు స్పెల్లింగ్ సెక్రటరీని అడిగి సరిచూసుకోండి. అక్కడి నార్వే, జర్మన్ ఇంటిపేర్లు మనకి వినపడినట్టు రాస్తే తప్పుపోతాయి, మీరు రాసిందే సర్టిఫికెట్టు మీద అచ్చవుతుంది.