పల్పిట్, బెంచీలు మార్చే ముందు

బ్రదర్, మీ సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) గుడిలో పాత టేకు పల్పిట్ (ప్రసంగీకుడు నిలబడే పీఠం), బెంచీలు తీసి స్టేజీ, కుర్చీలు, ఎల్ఈడీ తెర పెడితే వాక్యబోధ పలచబడుతుందా అని అడిగారు. సామాను మారినంత మాత్రాన బోధ మారదు. కానీ తెర వెలుగుతుంటే కళ్లు ప్రసంగీకుడి మీద నిలవవు. పాటలప్పుడు వాడండి, ప్రసంగం మొదలవగానే ఆపేయండి. వాక్యం తెరమీద చూపిస్తే బైబిలు తెచ్చుకునే అలవాటు పోతుంది.

బెంచీల సంగతి లెక్కేసి చూడండి. ఎనిమిదడుగుల బెంచీ మీద ఐదుగురు కూర్చుంటారు, అదే నిడివిలో చేతుల కుర్చీలు నాలుగే పడతాయి. చోటు కోసమే అయితే నష్టమే! పైగా టైల్సు, ప్లాస్టిక్కు కలిస్తే మాట మారుమోగుతుంది. ఖాళీ గుడిలో గట్టిగా చప్పట్లు కొట్టండి. మోత రెండు సెకన్లు సాగితే వెనక గోడకు మడతలు పడేలా మందపాటి గుడ్డ తెరలు కట్టాలి, స్పీకర్లు గోడవైపు కాక జనం వైపు వంచాలి. సౌండ్ పెంచితే ఇంకా పాడవుతుంది.

పల్పిట్ పారేయకండి. అడుగున చెద పట్టిందేమో పొడిచి చూసి, పాడైన చెక్క మార్చి, గ్రానైట్ పలక మీద ఓ పక్కన నిలబెట్టండి. ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం పంచే బల్ల) మధ్యలో కనబడాలి.

ముందు పాస్టరేట్ కమిటీ (మీ సంఘ పాలక కమిటీ) తీర్మానం, డయోసిస్ (బిషప్ కింది అధ్యక్ష మండలం) అనుమతి కావాలి. ఇక బోధంటారా, బైబిల్లో ఫిలిప్పీయులకు రాసిన పత్రికలో 104 వచనాలే. వరుసగా పది వారాలు చెప్పించండి, బోధ పలచబడుతుందన్న సంఘ పెద్దల భయం అక్కడే తీరుతుంది.