అమ్మను కాదని వెళ్లిపోతే తప్పా?

ప్రశ్న: నాకు 26. పుట్టుకతోనే చూపు లేదు. రాజమండ్రిలో ఉంటాం. వయొలిన్‌లో డిప్లొమా చేశాను, పిల్లలకు పాఠాలు చెబుతాను, కచేరీల్లో పక్కవాద్యం వాయిస్తాను. వచ్చిన డబ్బంతా అమ్మ చేతికే. ఎక్కడికెళ్లినా అమ్మ తోడు రావాల్సిందే. మాతో పాడే ఒకమ్మాయంటే నాకిష్టం, తనకీ ఇష్టమేననిపిస్తోంది. అమ్మతో అంటే 'అది జాలిరా, నిన్నెవరు చేసుకుంటారు' అంది. హైదరాబాద్ వెళ్లిపోదామనుంది. అమ్మకు ద్రోహం చేసినట్టవుతుందా?

జవాబు: ద్రోహమేమీ లేదు. అమ్మ అన్నమాట మాత్రం తప్పు, కోపంతో కాకుండా భయంతో అన్నా తప్పే. ఆ అమ్మాయి మనసులో ఉన్నది జాలో ఇష్టమో చెప్పాల్సింది ఆ అమ్మాయి, అమ్మ కాదు, నేనూ కాదు.

చూపు బాగా తక్కువైనా వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1936లో విజయనగరం సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారని మీ గురువులు చెప్పే ఉంటారు, ఆ పేరు చెప్పి మిమ్మల్ని ఊరడించను, ఎందుకంటే మీ ఇబ్బంది వాయిద్యంలో లేదు, వీధి చివరి కొట్టుదాకా ఒక్కరే వెళ్లి రాకపోవడంలో ఉంది. తెల్ల కర్ర పట్టుకుని నడవడం కూడా సాధన చేస్తే వచ్చే విద్యే. హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి పునరావాస విభాగంలో నేర్పుతారు.

తర్వాత డబ్బు. మీ ఒక్కరి పేరుతో ఖాతా తెరవండి. చూపు లేదని చెక్‌బుక్, ఏటీఎం కార్డు, లాకర్ లాంటివి నిరాకరించకూడదని రిజర్వ్ బ్యాంకు 2008లోనే బ్యాంకులకు చెప్పింది, కౌంటర్ దగ్గర ఎవరైనా 'మీ అమ్మగారిని తీసుకురండి' అంటే ఆ మాట గుర్తు చేయండి, మెత్తగానే కానీ వదలకుండా. నోట్లు గుర్తుపట్టడానికి రిజర్వ్ బ్యాంకుదే 'మణి' అనే యాప్ ఉంది, ఉచితం. ఇంటి ఖర్చుకు నెలనెలా ఇంత అని మీరే అమ్మకివ్వండి. మొదట్లో అలుగుతుంది, అలగనివ్వండి.

ఇక అమ్మాయి సంగతి. స్నేహితుడితో కబురు పెట్టొద్దు, వాయిస్ మెసేజ్ కూడా వద్దు, రిహార్సల్ అయ్యాక ఓ పది నిమిషాలు మాట్లాడాలని అడిగి నేరుగా చెప్పండి. కాదంటే బాధగానే ఉంటుంది, కానీ కళ్లున్నవాళ్లకీ రోజూ కాదనే చెబుతున్నారు కదా, దాన్ని చూపుతో ముడిపెట్టుకోకండి. ఔనంటే ఇంకా జాగ్రత్త: బస్సు ఎక్కించడం, బట్టలు ఎంచిపెట్టడం, బిల్లులు కట్టడం అన్నీ అమ్మ దగ్గర్నుంచి తనకి బదిలీ చేసేస్తే తను భార్య అవదు, రెండో అమ్మవుతుంది. అదే నాకున్న టెన్షన్.

హైదరాబాద్ ఇప్పుడు శిక్షణ కోసం వెళ్లండి, పారిపోవడానికి కాదు. ఎప్పుడు వెళ్తున్నారో, ఎక్కడుంటారో అమ్మకు ముందే చెప్పండి. వెంట వస్తానంటుంది. స్టేషన్ దాకా రానివ్వండి, రైలు మాత్రం మీరొక్కరే ఎక్కండి.